తొమ్మిదో అంతస్తులో ఇద్వల్ మనుషులు

మా ఊరి మనుషుల గురించి చాపెల్, అంటే మా చిన్న చర్చి వాళ్లు ఒక పుస్తకం వేస్తున్నారు. ఇద్వల్ గురించి రాసే పని నాకు అప్పగించారు. నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరన్నారు. అది నిజమే. నా పేరు పెన్రీ. వేల్స్‌లో మా ఊరి బడి పద్నాలుగో ఏట వదిలి బ్లైన్‌వెర్న్ బొగ్గు గనిలోకి దిగాను. గని మూసేసే రోజు దాకా, నలభై ఒక్క ఏళ్లు అందులోనే పనిచేశాను. చివరి పదకొండేళ్లు గని రక్షణ దళానికి కెప్టెన్‌ని. రెండు పతకాలున్నాయి. ఊరి గాయక బృందంలో ఇరవై ఆరేళ్లు పాడాను, మూడుసార్లు వెండి కప్పు తెచ్చాం. కార్మికుల హాలు కమిటీకి తొమ్మిదేళ్లు అధ్యక్షుణ్ని. పైకప్పు కూలినప్పుడు గానీ, గ్యాసు అంటుకున్నప్పుడు గానీ, నా హయాంలో కింద ఒక్క మనిషిని వదిలి మేం పైకి రాలేదు. బతికున్నవాళ్లను నడిపించుకొచ్చాం, పోయినవాళ్లను మోసుకొచ్చాం.

ఇవన్నీ ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇద్వల్ కథలో నేను చేసింది అర్థం కావాలంటే నేను ఎలాంటివాణ్నో ముందు తెలియాలి.

ఇద్వల్ గనిలో సర్వేయరు దగ్గర కొలత గొలుసు పట్టే మనిషి. సర్వేయరు లెక్క వేస్తాడు, ఇతను గొలుసు చివర పట్టుకుని చీకట్లో నిలబడతాడు. ముప్పై ఏళ్లు అలా నిలబడి, కింద ఏ దారి ఎటు పోతుందో సర్వేయరు కంటే బాగా నేర్చుకున్నాడు. పటం గీయమంటే గళ్ల కాగితం మీద పెన్సిలుతో ముత్యాల్లా గీసేవాడు. మాట తక్కువ. భార్య మెన్నా మాత్రం ఇద్దరి మాటా తనే మాట్లాడేది. పిల్లలు లేరు.

ఎనభై అయిదులో గని మూసేశారు. అప్పటికి ఇద్వల్‌కి యాభై ఒకటి. కొత్త పని ఇవ్వడానికి ముసలివాడు, పింఛను ఇవ్వడానికి పడుచువాడు. అలాంటివాళ్లు మా ఊళ్లో ఎనభై మంది దాకా ఉండేవారు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, ఎక్కడికీ పోనక్కర్లేదని గుర్తొచ్చి, మళ్లీ మంచం అంచున కూర్చునేవాళ్లం.

మరుసటి వసంతంలో జిల్లా గ్రంథాలయం నుంచి మిస్ ప్రోసర్ అనే ఆవిడ ఒక కంప్యూటర్ తెచ్చి మా హాలులో పెట్టింది. దాని మీద టైపు నేర్చుకుని ఉద్యోగాలకు ఉత్తరాలు రాసుకోవాలట. వారం రోజులు నేర్చుకున్నాం. ఉత్తరాలు రాశాం. జవాబులు రాలేదు. ఆ పెట్టెతోపాటు వచ్చిన ఫ్లాపీల్లో ఒకదాని మీద ఒక ఆట ఉందని కనిపెట్టింది మోస్టిన్. మోస్టిన్ ఇద్వల్‌తో ఒకే పాళీలో, అంటే ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, ఊళ్లో అందరినీ ఏడిపించేవాడు.

ఆ ఆట ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. నల్లటి తెర మీద తెల్లటి గీతలు, అంతే. నాలుగు గీతలు గీస్తే సొరంగం, మరో రెండు గీస్తే తలుపు. ఆరుగురు మనుషులను మనమే తయారుచేసి, పేర్లు పెట్టి, కత్తులూ డాళ్లూ ఇచ్చి భూమి కింద చిక్కుదారుల్లోకి పంపాలి. కిందకి పది అంతస్తులు. ఆట పటం ఇవ్వదు. అడుగడుగూ లెక్కపెట్టి మనమే గీసుకోవాలి. తక్కినవాళ్లు రెండో అంతస్తులోనే దారి తప్పి విసుగుపడి లేచిపోయారు. ఇద్వల్ మాత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని, చెవి మీది పెన్సిలు తీసి, మెన్నాతో గళ్ల కాగితాల పుస్తకం తెప్పించుకున్నాడు.

గాలి లోపలికి వచ్చే దారి నీలిగీత, బయటకు పోయే దారి ఎర్రగీత, నీళ్లున్నచోట చిన్న అలలు. మా గని పటాల్లో ఎలా గీసేవాళ్లో అలాగే గీశాడు. ఆటలో గాలి లేదు, నీళ్లు లేవు. అయినా గీశాడు.

ఆరుగురికీ తన పాళీవాళ్ల పేర్లే పెట్టాడు. అందులో ఊళ్లో మిగిలింది తనూ మోస్టినే. అన్నదమ్ములిద్దరు ఇంగ్లండులో రోడ్డు పనికి పోయారు. ఒకడు ఓడలో వంటవాడయ్యాడు. ఎమ్లిన్ అనేవాడు కవెంట్రీలో కార్ల ఫ్యాక్టరీలో చేరి ఒక్కడే ఒక గదిలో అద్దెకుంటున్నాడు. ఎమ్లిన్ మా గనిలోకెల్లా పొట్టివాడు. ఆటలో అతన్ని అందరికంటే బలమైన యోధుణ్ని చేశాడు ఇద్వల్. చాపెల్ గడప తొక్కని తాను మందిరంలో పూజారి అయ్యాడు. మోస్టిన్‌ని దొంగను చేశాడు.

"నన్ను దొంగను చేశావేంట్రా?" అని మోస్టిన్ లేచాడు.

"ఇరవై ఏళ్లు నా డబ్బాలో కేకులు ఎవరు తిన్నారు?"

"మెన్నా చేసినవి తినడం దొంగతనం కాదురా, ధైర్యం."

"ఒరేయ్ మోస్టిన్, ఇవాళ్టి నుంచి నీకు ఆ ధైర్యం చూపించే అవకాశం ఇవ్వను" అంది మెన్నా, టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి. అన్నదే గానీ, మర్నాడు మళ్లీ పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష కేకులు పళ్లెం నిండా తెచ్చింది.

ఆ వేసవి నా జీవితంలో చివరి మంచి వేసవి. పొద్దున పదికల్లా హాలు నిండేది. గనిలో దిగేటప్పుడు, కింద ఎవరున్నారో పైవాళ్లకు తెలియడానికి దీపాల గదిలో వదిలే ఇత్తడి బిళ్లలు ఎవరి నంబరు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి కదా, ఇద్వల్ ఆరుగురి బిళ్లలూ సంపాదించాడు. ఊళ్లో లేనివాళ్లవి వాళ్ల అమ్మలనో భార్యలనో అడిగి తెచ్చాడు. గోడకు రెండు మేకులు కొట్టాడు. ఆటలో మనుషులు కిందకు దిగగానే బిళ్లలు కింది మేకుకు, పైకి రాగానే పై మేకుకు. కింది మేకుకు బిళ్లలుండగా ఎవరూ ఇంటికి పోయేవాళ్లు కాదు. అలా అని ఎవరూ చెప్పలేదు. అలవాటు.

ఆ ఫ్లాపీ పెట్టె శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. మామూలు అడుగుకి చిన్నగా టిక్కుమనేది. ఎదురుగా ఏదైనా రాక్షసి రాబోతుంటే, తెర మీద ఏమీ కనపడకముందే, గరగరమని పళ్లు నూరేది. పైకప్పు కూలేముందు దుంగలు మూలిగే చప్పుడు విని పెరిగినవాళ్లం మేం. ఆ గరగర వినగానే పాతికమంది ఒక్కసారి వెనక్కి జరిగేవాళ్లు. తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకుని పడీపడీ నవ్వేవాళ్లు. కోటు మడతల్లోంచి తడి వాసన, టీ ఆవిరి, ఆ నవ్వు. గని ఉన్నప్పుడు కూడా అంత నవ్వలేదు మేం.

ఆదివారం చాపెల్ అయ్యాక హాలు నడవాలో ఫోన్ మోగేది. కవెంట్రీ నుంచి ఎమ్లిన్. ఇద్వల్ ఎత్తేవాడు, మేం చుట్టూ చేరేవాళ్లం. ఎమ్లిన్ గట్టిగా అరిచి మాట్లాడే మనిషి కాబట్టి అవతలి మాట కూడా మాకు వినపడేది.

"ఏరా, నేను బతికే ఉన్నానా?"

"బతికే ఉన్నావు. మొన్న నీకు కొత్త డాలు కొన్నాం."

"పెద్దదేనా?"

"నీకంటే పెద్దది."

అవతల నవ్వు. ఒకసారి ఇలా అన్నాడు: "ఇక్కడ నన్ను పేరుతో పిలిచేవాడు లేడురా. అందరికీ నేను వేల్స్ వాణ్నే. నా పేరు అక్కడ తెర మీద కనిపిస్తుందా?"

"పెద్ద అక్షరాల్లో."

"మిగతా అయిదుగురూ పక్కనే ఉన్నారా?"

"నీ వెనకాలే ఉన్నాం."

ఫోన్ పెట్టేశాక ఇద్వల్ నాతో అన్నాడు, "కెప్టెన్, ఆరుగురం ఒకచోట ఉన్నది ఇక ఆ పెట్టెలోనే." అంత పొడుగు మాట అతని నోట నేను అరుదుగా విన్నాను.

నవంబరు పదమూడు, గురువారం మధ్యాహ్నం, వాళ్లు తొమ్మిదో అంతస్తులో ఉన్నారు. ఆ అంతస్తులో కంటికి కనపడని మాయచోటు ఒకటుంది. దాని మీద కాలు పెడితే మనిషి ఇంకెక్కడో తేలతాడు, తెర మీద తేడా తెలియదు. మూడడుగులు వేశాక ఇద్వల్ పెన్సిలు ఆగింది.

"ఇది మనం ఉన్న చోటు కాదు" అన్నాడు.

పెట్టె గరగరమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరు పేర్ల పక్కనా ఒక్కొక్కటిగా ‘మృతుడు’ అని పడింది. ఎమ్లిన్ చివర పడ్డాడు.

ఆ ఆటలో వెనక్కి పోయి మళ్లీ ఆడటం కుదరదు. జరిగింది జరిగినట్టు ఫ్లాపీ మీద అప్పుడే రాసేస్తుంది. చచ్చినవాళ్లు చచ్చినచోటే పడి ఉంటారు. వేరే మనుషులు ఎవరైనా దిగి, అక్కడిదాకా వెళ్లి, వాళ్లను పైనున్న మందిరానికి మోసుకొస్తే మళ్లీ లేస్తారు. తీసుకురాకపోతే ఎప్పటికీ అక్కడే.

"నా బిళ్ల కింద వేలాడుతోందిరా" అన్నాడు మోస్టిన్. వేళాకోళంగా మొదలుపెట్టాడు గానీ చివరికొచ్చేసరికి మేకు వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

ఆదివారం ఫోన్ మోగింది.

"ఏరా, నేను బతికే ఉన్నానా?"

ఇద్వల్ నా వంక చూశాడు. "బతికే ఉన్నావు" అన్నాడు.

సోమవారం మిస్ ప్రోసర్ నుంచి ఉత్తరం. వేరే లోయలో హాలుకి కంప్యూటర్ కావాలట, ఇరవై ఎనిమిదో తారీఖు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వ్యాను వస్తుందట. పన్నెండు రోజులు.

నేను హాలు మధ్యలో నిలబడి చెప్పాను, "నేనుండగా కింద ఎవణ్నీ వదలం." పాతికమంది లేచారు. ఆ ఆటను చూసి నవ్వినవాళ్లు కూడా లేచారు. రెండు పాళీలు వేశాను, పొద్దుట ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కొత్త మనుషుల్ని తయారుచేసి, పై అంతస్తుల్లో పోరాడించి, గట్టిపడ్డాక తొమ్మిదికి దింపాలి. ఇద్వల్ పటాలన్నీ గోడకు అంటించాం. గని మూశాక అలా హడావుడిగా నడిచిన హాలును మళ్లీ చూడలేదు. ఒప్పుకోవాలి, నాకు గర్వంగా ఉంది.

మొదటి రోజే ఇద్వల్ నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో ఆటతోపాటు వచ్చిన చిన్న పుస్తకం నకలు.

"కెప్టెన్, ముగ్గురినే తయారుచేస్తే ఎలా ఉంటుంది?"

"ముగ్గురా? మతిపోయిందా నీకు?"

"ఇందులో ఒక మాటుంది. మోసుకొచ్చే శవాలకి కూడా చోటు కావాలట. మొత్తం ఆరు చోట్లేనట. ముగ్గురైతే తొందరగా గట్టిపడతారు కూడా. రెండుసార్లు దిగొచ్చు."

"ఇద్వల్, రక్షణ దళమంటే ఆరుగురు. అయిదుగురైతే గేటు దగ్గరే ఆపేస్తారు. పదకొండేళ్లలో నేను ఒక్క మనిషి తక్కువతో దింపలేదు, ఇప్పుడు దింపను."

"అది గనిలో, కెప్టెన్."

"మరి ఇదేంటి, పబ్బా?"

ఆ పుస్తకం ఇటివ్వు, నేనూ చూస్తాను అని నేను అనాల్సింది. అనలేదు. కింద కెప్టెన్ మాటకు ఎదురు చెప్పకూడదనేది మా అందరి ఎముకల్లో ఉన్నది. ఇద్వల్ ఆ పుస్తకాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు. నా దళంలోని ఆరుగురి పేర్లూ తనే టైపు చేశాడు, నా పేరు మొదట.

పదకొండు రోజులు పనిచేశాం. ఆ పనిలో ఎవరూ ఏ లోటూ చేయలేదు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆరుగురితో దిగాం. ఇద్వల్ మీటల ముందు, నేను అతని వెనక, అడుగుల లెక్క చెబుతూ. ఏడో అంతస్తులో ఒక గండం, ఎనిమిదిలో రెండు. పదకొండున్నరకి తొమ్మిదిలోకి వచ్చాం. మాయచోటు మీద మేమే కావాలని కాలు పెట్టాం. పన్నెండుకు పది నిమిషాలుండగా తెర మీద వాళ్ల పేర్లు కనిపించాయి. ఆరూ. ఎమ్లిన్, అన్నదమ్ములు, వంటవాడు, మోస్టిన్, ఇద్వల్.

హాలంతా అరిచింది. ఎవరో కుర్చీ ఎక్కారు. మెన్నా నా భుజం మీద గట్టిగా చరిచింది.

ఇద్వల్ మీట నొక్కాడు. ఎవరిని తీసుకెళ్లాలి అని అడిగింది. ఎమ్లిన్ పేరు కొట్టాడు.

చోటు లేదు అంది తెర.

మళ్లీ కొట్టాడు. మోస్టిన్ పేరు కొట్టాడు. అన్నదమ్ముల పేర్లు కొట్టాడు. ఆఖర్న తన పేరు. చోటు లేదు, చోటు లేదు.

"మనవాళ్లలో ముగ్గుర్ని ఇక్కడ వదిలేస్తే?" అన్నాడు మోస్టిన్ మెల్లగా.

"కింద విడిపోనివ్వదు" అన్నాడు ఇద్వల్. "ఒకడు చచ్చినా వాడి చోటు వాడిదే." ఆ పుస్తకమంతా కంఠతా వచ్చు అతనికి. నా వైపు తిరగలేదు. తిరిగి ఒక మాట అని ఉంటే బాగుండేదని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నాను.

"పైకి పోదాం. ముగ్గురితో మళ్లీ దిగుదాం" అన్నాను.

పైకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పావు అయింది. ముగ్గురిని విడిచి ముగ్గురితో దిగాం. ఆరుగురి మధ్య పంచుకుని పెరిగిన బలం అది, ముగ్గురికి ఎలా సరిపోతుంది? నా పేరున్నవాడు అయిదో అంతస్తులో పడ్డాడు. మిగిలిన ఇద్దరూ ఆరో అంతస్తు మెట్ల దగ్గర. అప్పటికి మూడుకు ఇంకా అయిదు నిమిషాలే ఉంది.

వ్యాను డ్రైవరు మంచివాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నాలుగింటికల్లా చేరాలి నేను. అయినా కానివ్వండి, కాసేపు ఆగుతాను" అన్నాడు.

"అయిపోయింది" అని ఇద్వల్ లేచాడు. మీట నొక్కాడు. తెర మధ్యలో తెల్లటి చుక్క ఒకటి కాసేపు ఉండి పోయింది.

మోస్టిన్ గోడ దగ్గరకు వెళ్లి, కింది మేకు మీంచి తన బిళ్ల ఒక్కటీ తీసుకుని ఇంటికి పోయాడు. మిగతావాళ్లు కూడా పోయారు. నన్నెవరూ ఏమీ అనలేదు. అననందుకే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

డిసెంబరులో మెన్నా ఆ కొత్త హాలుకి వెళ్లి వాకబు చేసింది. ఫ్లాపీలన్నీ చెరిపేసి ఉద్యోగాల ఉత్తరాలకు వాడుకుంటున్నారట. ఆ సంగతి ఇద్వల్‌తో చెప్పలేదు, నాతో చెప్పింది.

వ్యాను పోయిన రెండు రోజులకే ఆదివారం వచ్చింది. నడవాలో ఇద్వల్, నేను, మెన్నా ముగ్గురమే. ఫోన్ మోగింది.

"ఏరా, నేను బతికే ఉన్నానా? పోయినవారం నీ గొంతు ఏదోలా ఉందిరా. నిజం చెప్పు."

"నిజమే చెబుతున్నా. అప్పుడు పోయావు. ఆరుగురం పోయాం. నీకు చెప్పలేకపోయాను."

ఇద్వల్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"కెప్టెన్ దళాన్ని తీసుకుని దిగాడు" అన్నాడు ఇద్వల్. "పెన్రీయే స్వయంగా. అందర్నీ పైకి తెచ్చాడు. ఒక్కణ్నీ వదల్లేదు. ఇప్పుడు ఆటైపోయింది, పెట్టె తీసుకుపోయారు. కానీ అందరం పైనే ఉన్నాం."

"అందరమా?"

"అందరం."

ఎమ్లిన్ ఏడ్చాడో నవ్వాడో, ఫోనులో తెలియలేదు. ఇద్వల్ ఫోన్ పెట్టేసి, కోటు బొత్తాలు పెట్టుకుని, నన్ను దాటుకుని బయటకు నడిచాడు. ఆ అబద్ధం నాకు ఇచ్చిన బహుమానమో శిక్షో అడగలేకపోయాను.

ఆ తర్వాత ఇద్వల్ పెన్సిలు పట్టలేదు. గోడ మీది పటాలు హాలు రంగులు వేసేటప్పుడు పోయాయి. పని దొరకలేదు, వెతకడమూ మానేశాడు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా గని ఉన్నచోట గడ్డి మొలవడం చూసేవాడు. నేను వారానికొకసారి వెళ్లేవాణ్ని. వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. ఒకే ఒక్కసారి ధైర్యం చేసి, "ఇద్వల్, ఆ ముగ్గురి సంగతి నువ్వు చెప్పినప్పుడు..." అన్నాను.

"పోనీలే కెప్టెన్" అన్నాడు. అంతే. ఆ మాట ఎన్నిసార్లు తిరగేసి చూసినా నాకు అందులో క్షమ దొరకలేదు.

ఊపిరితిత్తుల్లోని బొగ్గు దుమ్ము నాలుగు చలికాలాల్లో తన పని పూర్తిచేసింది. తొంభైలో, ఫిబ్రవరిలో పోయాడు. చివరి రోజుల్లో ఆరు మెట్లెక్కలేక కిందే మంచం వేయించుకున్నాడు.

అంత్యక్రియలకు ఎమ్లిన్ కవెంట్రీ నుంచి వచ్చాడు. జుట్టు నెరిసింది, సూటు వదులైంది. చాపెల్ బయట, ఊరంతా చూస్తుండగా, నా దగ్గరకు వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కెప్టెన్, మీకెప్పుడూ చెప్పలేదు. ఆ శీతాకాలం నాకు బాగాలేదు. గదిలో ఒక్కణ్నీ... వద్దులెండి. ఆ ఆదివారం ఇద్వల్ చెప్పాడు, కెప్టెన్ దిగాడు, అందర్నీ తెచ్చాడని. ఆట సంగతేననుకోండి. కానీ అది విన్నాక రాత్రి పడుకోగలిగాను. మీరు నన్ను పైకి తెచ్చారు."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. వాళ్లలో సగంమంది ఆ రోజు హాలులో ఉన్నవాళ్లే. అప్పటికి వాళ్లు కూడా ఆ మాటే నమ్మడం మొదలుపెట్టారో, లేక శవపేటిక పక్కన నిజం మాట్లాడటం ఎందుకనుకున్నారో నాకు తెలియదు. ఇద్వల్ నాలుగడుగుల దూరంలో పెట్టెలో ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పడానికి నాకు అదే సమయం.

"మా పని అదే కదా, ఎమ్లిన్" అన్నాను.

మెన్నా నా వంక చూడలేదు. ఎమ్లిన్ భుజం మీద చెయ్యి వేసి, "లోపలికి రా నాయనా, టీ చల్లారిపోతోంది" అంది.